బ్రోచరులో ఉన్న ఫిరంగి

నానక్‌రామ్‌గూడ సముద్రతీరాన వెలసిన ‘సాగరదుర్గ్ హైట్స్’ నివాసులకు సంక్షేమ సంఘం వారు తెలియజేయునది ఏమనగా, రాబోయే రెండో శనివారం నాడు మనమందరం బందరుకు దిగువనున్న మొగలిదిబ్బ కోటను ఒక్క రోజులో చూసి రాగలము. సముద్రతీరపు సైనిక దుర్గంలో కాపురముంటూ సముద్రతీరపు సైనిక దుర్గం ఎలా ఉంటుందో చూడకపోవడం మన కమ్యూనిటీ ప్రతిష్ఠకు తగిన పని కాదు. టిఫిను సంఘమే పెట్టును. పెంపుడు కుక్కలకు ప్రవేశం లేదు.

నానక్‌రామ్‌గూడలో సముద్రమేమిటని కొందరు చదువరులు అడగవచ్చు. బ్రోచరులో ఉంది. మొదటి పేజీలోనే నాలుగు టవర్ల పాదాలను అలలు కడుగుతుంటాయి, తెల్ల గౌను వేసుకున్న ఒకావిడ బాల్కనీలోంచి ఓడల వంక చూస్తుంటుంది. ఆ బొమ్మ చూసి డబ్బు కట్టినవారెవరూ తర్వాత సముద్రం కనబడలేదని అల్లరి చేయలేదు. మర్యాదస్తులు. టవర్లకు యాంకర్, కెప్టెన్, లైట్‌హౌస్, హార్బర్ అని పేర్లున్నాయి. గేటుకు అటూ ఇటూ సిమెంటు బురుజులున్నాయి. సర్వీసు రోడ్డు వైపున్న ఫ్లాట్లను ‘సీ ఫేసింగ్’ అంటారు. సాయంత్రం ఆరయ్యేసరికి అక్కడ షేర్ ఆటోలు బారులు తీరి హోరెత్తిస్తుంటే కళ్ళు మూసుకుని వినాలి. అలలకు ఏమీ తీసిపోదు.

ఈ దుర్గంలోనే యాంకర్ టవరు ఏడో అంతస్తులో, కూతురు సంయుక్త కొన్న ఫ్లాటులో, చలపతిరావుగారు భార్య బాలాత్రిపురసుందరితో సహా ఉంటున్నారు. జిల్లా పరిషత్తులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. స్వస్థలం బందరు దగ్గర పల్లె. టవరు కింద పచ్చికలో ఒక నల్లరాతి బండ ఉంది. సాయంత్రం అయిదున్నరకు ఆయన దాని మీద ఆసీనులవుతారు. చుట్టూ ఏడెనిమిది మంది రిటైరైనవారు చేరతారు. అప్పుడు మొగలిదిబ్బ కోట కథ మొదలవుతుంది.

ఆ కోటలో ఒక ఫిరంగి ఉంది. పేరు గంగాభవాని. దాని గొట్టం పొడవు ఇరవై రెండు బారలు. దాన్ని పేల్చేవాడు చలపతిరావుగారి ముత్తాత వెంకటాచలం. ఒకసారి ఆయన డచ్చివాళ్ళ ఒలందా ఓడ మీదికి గురిపెట్టి గుండు పేలిస్తే, గుండు ఓడను దాటి, సముద్రాన్ని దాటి, భూమి చుట్టూ తిరిగి మూడోనాడు వెనక నుంచి వచ్చింది. ముత్తాత ఇలాంటిదేదో జరుగుతుందని ముందే ఊహించి, బెస్తవాళ్ళ చేత వలలు కట్టించి ఉంచాడు గనుక ఊరు బతికింది. మరోసారి పక్కూరి పెళ్ళివారిని తుపాను తరిమితే, అందరూ గంగాభవాని గొట్టంలో దూరి విస్తళ్ళు వేసుకుని భోంచేశారు.

చలపతిరావుగారి గొప్పతనమేమిటంటే, ఏనాడూ అతిశయోక్తి చేయరు.

“ఏం సామీ, ఫిరంగిలో పెండ్లి బోజనాలా?” అన్నారు ఒకనాడు ఓబులేసుగారు. ఈయన కడప వైపు వారు, రియల్ ఎస్టేటు చేస్తారు, సంక్షేమ సంఘానికి అధ్యక్షులు.

“రెండో పంక్తి మాత్రమేనండి. మొదటి పంక్తి బయటే అయిపోయింది. అంతలోకి వాన పట్టుకుంది.”

“మా గండికోట చూసినావా నువ్వు? ఎర్రరాతి కోట. కింద పెన్న పారతాంటాది. అంత కోటలో కూడా మేమెప్పుడన్నా ఫిరంగుల్లో పెండ్లిండ్లు చేసినామా?”

“మీకు వానలు తక్కువ కదండీ,” అన్నారు చలపతిరావుగారు.

బండ చుట్టూ ఉన్నవారు వారం రోజులు నవ్వారు. లిఫ్టులో ఓబులేసుగారు కనబడితే చాలు, పైకి చూసి “ఇవాళ మబ్బు పట్టేలా ఉందే” అనేవారు. ఆ లిఫ్టు అవమానంలోంచే పైన చెప్పిన ప్రకటన పుట్టింది. సర్వసభ్య సమావేశంలో ఓబులేసుగారు లేచి నిలబడ్డారు.

“అందరమూ పోదాం. ఆ యప్ప చెప్పిన ఫిరంగి ఆడ ఉంటే నా ప్రెసిడెంటు పదవి ఆ యప్పకే ఇచ్చేస్తా. లేకుంటే బండ మీద కూర్చోనీ, నేను వద్దనను. నోరు మాత్రం ఇప్పగూడదు.”

కుక్కల పెంటకూ, లిఫ్టు మరమ్మతుకూ మధ్య తొమ్మిదో అంశంగా ఇది ఏకగ్రీవంగా ఆమోదం పొంది మినిట్సులో ఎక్కింది. చలపతిరావుగారు కూడా చెయ్యెత్తారు. ఎత్తక ఏం చేస్తారు? ఆయన్ని అన్నం మానమంటే మానగలరు, కాఫీ మానమంటే ఒక పూట మానగలరు. కథ మానమంటే ఎలా?

ఆ రాత్రి భోజనాల దగ్గర బాలాత్రిపురసుందరి అడిగారు. “ఏమండీ, ఇంతకీ మీరా కోట చూశారా?”

“చూడ్డమేమిటే! మా ఊరికి తొమ్మిది మైళ్ళు.”

“నేనడిగింది దూరం కాదండీ.”

చలపతిరావుగారు పెరుగు కలుపుకున్నారు. మళ్ళీ కలుపుకున్నారు. “తొమ్మిది మైళ్ళలో ఉన్నదాన్ని పనిగట్టుకుని ఎవడు చూస్తాడే? ఎక్కడికి పోతుందిలే, ఎప్పుడైనా చూడొచ్చు అనుకున్నాం.”

“మరి ఫిరంగో?”

“ఉండకపోతుందా? కోటన్నాక!”

ఆవిడ నిట్టూర్చారు. “అయితే ఇవాళ్టి నుంచే గొంతు పోయిందని చెప్పండి. ఎలాగూ పోయేదే కదా, పరువైనా దక్కుతుంది.”

ప్రయాణ ఏర్పాట్లన్నీ కార్యదర్శి రవికిరణ్ చూశాడు. ఐటీలో ప్రాజెక్టు మేనేజరు కనుక పది రోజులు కష్టపడి ఒక పట్టిక తయారుచేశాడు. దాని ప్రకారం బస్సు నాలుగున్నరకు బయలుదేరుతుంది. టిఫిను ఇరవై నిమిషాలు. కోట నలభై ఏడు నిమిషాలు. సముద్రం అయిదు నిమిషాలు. సందేహాలకు మూడు నిమిషాలు.

బస్సు సరిగ్గా నాలుగున్నరకే వచ్చింది. వచ్చి గేటు బయట నిలబడింది. బయటి వాహనం లోపలికి రావాలంటే ఫ్లాటు వారు ఫోనులోని గేటు యాప్‌లో అనుమతి నొక్కాలి. నలభై రెండు ఫ్లాట్ల కోసం వచ్చిన బస్సు గనుక నలభై రెండు అనుమతులు కావాలన్నాడు గార్డు అజయ్. నలభై ఒక్కరు నొక్కారు. హార్బర్ టవరు పెద్దమనిషి ఒకాయన, తెల్లవారుజామున ఎవడో అపరిచితుడు లోపలికి రాబోతున్నాడని యాప్ హెచ్చరించగానే, అలవాటు చొప్పున ‘నిరాకరించు’ నొక్కారు. అప్పటికాయన బస్సు పక్కనే సంచి పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒకసారి నిరాకరించిన వాహనం అరగంట దాకా మళ్ళీ అడగరాదని నిబంధన. బస్సు అరగంట ఆగింది. దుర్గరక్షణ అంటే అదీ.

సూర్యాపేట దగ్గర టిఫినుకు గంటా ముప్పావు పట్టింది. పెసరట్టులో ఉల్లిపాయ వద్దన్నవారూ, అల్లం వద్దన్నవారూ, పెసలే వద్దన్నవారూ ఉన్నారు మరి. దారి పొడవునా చలపతిరావుగారు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఓబులేసుగారు మాత్రం ముందు సీట్లోంచి మాటిమాటికీ వెనక్కి తిరిగి, “సామీ, మబ్బు పట్టినట్టుండాది, గొట్టంలో అందరికీ చోటు సరిపోతుందా?” అని క్షేమం అడుగుతూ వచ్చారు.

ఒంటిగంటకు కోట చేరారు. ఆలస్యమైంది గనుక కోటను ముప్ఫై అయిదు నిమిషాలకు కుదించినట్టు రవికిరణ్ ప్రకటించాడు.

మొగలిదిబ్బ కోటలో ఉన్నవి ఇవి: సగం కూలిన సింహద్వారం. నడుమెత్తున నూరడుగుల పొడవు ఇటుక గోడ. గుర్రపుడెక్క నిండిన కందకం. ఒకప్పుడు మందుగుండు దాచిన కమాను కప్పు కొట్టు, కప్పులో ఆకాశం. గోడ మీదా, మెట్ల మీదా, బురుజు మీదా గోనెపట్టాలు పరిచి ఎండబోసిన నెత్తళ్ళ చేపలు. వాటి మధ్య కర్రతో కాకులను అదిలిస్తున్న ఒక ముసలావిడ, జయమ్మ.

“ఎవరు బాబూ మీరంతా? నెత్తళ్ళు తొక్కమాకండి!”

చలపతిరావుగారి కళ్ళు కోటంతా పరుగెత్తాయి. బురుజు మీద చూశారు, లేదు. కొట్టులో తొంగి చూశారు, లేదు. కందకంలో చూశారు, గుర్రపుడెక్క. మొత్తం కోటలో గుండ్రంగా కనిపించిందల్లా జయమ్మ నీళ్ళ డ్రమ్ము ఒక్కటే. ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఎంత పెద్ద మనసు చేసుకున్నా అది ఇరవై రెండు బారలు లేదు.

ఓబులేసుగారు అన్నీ చూశారు. చిన్నగా నవ్వుకుంటూ, అందరూ ఒకచోట చేరేదాకా ఆగుదామని గొడుగు నీడన నిలబడ్డారు.

ఆ ‘అందరూ’ అంత తేలిగ్గా చేరరు, వారికి పనుంది. కొత్త ఫ్లాటు తాళాలు ఇచ్చే రోజున కొన్నవారు గదిగదికీ తిరిగి లోపాల జాబితా రాసుకోవడం మన వైపు ఆచారం. గోడలను నాణెంతో కొట్టి బోలు శబ్దం వస్తుందేమో వింటారు. నేల మీద నీళ్ళు పోసి వాలు చూస్తారు. ఆ చెయ్యి ఊరుకోదు. కోటలో అడుగుపెట్టిన రెండో నిమిషానికే నలభై రెండు ఫ్లాట్ల వారూ జేబుల్లోంచి రూపాయి బిళ్ళలు తీశారు. మూడు వందల ఏళ్ళ గోడల మీద టకటకలు మొదలయ్యాయి. కాకులు అదిరిపోయి వాటంతటవే ఎగిరిపోవడంతో జయమ్మకు కాసేపు విశ్రాంతి దొరికింది.

తేలిన లోపాలను రవికిరణ్ ఫోనులో రాసుకున్నాడు. సింహద్వారం ఆగ్నేయం వైపు ఉంది, కట్టినవాళ్ళు నిలదొక్కుకోకపోవడానికి అదే కారణం. తుపాకులు పెట్టే కంతలు మరీ ఇరుకు, గాలి ఆడదు. కోట చుట్టూ స్విమ్మింగ్ పూల్ కట్టారు బాగానే ఉంది గాని, శుభ్రం చేసిన జాడ లేదు. కార్లకు చోటు లేదు. కప్పులోంచి నీరు కారే అవకాశం ఉంది. ఈ చివరి లోపం రాయించినవారు కప్పు లేని చోట నిలబడి పైకి చూస్తూ రాయించారు.

సంయుక్తకు సరిగ్గా అప్పుడే ఆఫీసు మీటింగు వచ్చింది. రోజూ ఇంట్లోంచి మాట్లాడేటప్పుడు ఆవిడ వెనక సముద్రం బొమ్మ పెట్టుకుంటుంది. ఇవాళ నిజంగా సముద్రం గాలికి జుట్టు ఎగురుతుంటే, మేనేజరుకు అనుమానం రాకుండా వెనక తన ఇంటి సోఫా బొమ్మ పెట్టుకుంది. “అదేమిటి, ఇవాళ బీచ్ లేదా?” అని అడిగాడట మేనేజరు, నిరాశగా.

జాబితా పూర్తయింది. ఓబులేసుగారు విరిగిన బురుజెక్కి గొంతు సవరించుకున్నారు.

“సాగరదుర్గ్ కుటుంబ సభ్యులారా! చరిత్ర అంటే మనకు ప్రాణం. చరిత్ర కోసం మనం ఇన్ని గంటలు బస్సులో కూర్చున్నాం. తొమ్మిదో అంశం మీకు గుర్తుండే ఉంటాది. నేను ఒకటే ప్రశ్న అడుగుతాండా. ఫిరంగి యాడ?”

చలపతిరావుగారి గొంతు నిజంగానే పోయింది. బాలాత్రిపురసుందరి పులిహోర డబ్బా మూత బిగించి, భర్త పక్కకు వచ్చి నిలబడ్డారు.

“ఏమ్మా, నువ్వు చెప్పు,” అన్నారు ఓబులేసుగారు జయమ్మతో. “ఈడ ఫిరంగి ఉన్నిందా?”

“ఫిరంగా? నాకు అరవై దాటినయ్యి. మా అమ్మా, మా అమ్మమ్మా ఇక్కడే చేపలు ఎండేసుకున్నారు. ఫిరంగి ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎవరో ఒలందా తెల్లోళ్ళు కట్టుకున్నారంట, ఇంకో తెల్లోళ్ళకి రాసిచ్చి పోయారంట. మధ్యలో ఉప్పు దాచుకున్నారు. యుద్ధమేంటి బాబూ, ఇక్కడ తగువే జరగలేదు.”

“ఇన్నారా! చెప్పిందొకటి, సైటులో ఉన్నదొకటి. అట్లాంటప్పుడు చెప్పినోడు అబద్ధం చెప్పినట్టా, కాదా?”

“ఒక్క నిమిషం సార్,” అన్నాడు రవికిరణ్. వాడికి చలపతిరావుగారి మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు, కేవలం ప్రాజెక్టు మేనేజరు బుద్ధి. “చెప్పింది సైట్‌లో లేకపోతే, చెప్పింది అబద్ధమే అవ్వాలా? ఆ లెక్కన మన దగ్గర సముద్రం లేదు కదా. మరి బ్రోచరు అబద్ధమా సార్? బ్రోచరు మాకు మీరే కదా ఇచ్చారు?”

అందరూ ఓబులేసుగారి వంక చూశారు. అవును, సాగరదుర్గ్ ఫ్లాట్లను ఇంటింటికీ తిరిగి అమ్మిపెట్టినవారు ఆయనే. ఇప్పుడు శంకర్‌పల్లి పక్కన ‘తెల్ల ఇసుక బీచ్ విల్లాలు’ వేస్తున్నవారూ ఆయనే. అందులో వీరిలో చాలామంది అడ్వాన్సు కూడా కట్టారు.

ఓబులేసుగారు ఒక్క మాటంటే చాలు, పందెం గెలుస్తారు, ఆ నోరు శాశ్వతంగా మూతపడుతుంది. ఆ ఒక్క మాట నాలుక మీదికి వచ్చింది కూడా. బురుజు మీద నిలబడి ఆయన ఒకసారి చలపతిరావుగారిని చూశారు, ఒకసారి జనాన్ని చూశారు, ఒకసారి శంకర్‌పల్లి దిక్కు చూశారు. ఎన్నో వెంచర్లు దాటిన మనిషి. మింగేశారు.

“అబద్ధమని నేనన్నానా?” అన్నారు గుండె మీద చెయ్యి వేసుకుని. “నా మాట పూర్తి కానీండి. బ్రోచరు ఎప్పుడూ అబద్ధం చెప్పదు. సైటే అబద్ధం చెప్తాది! మా చలపతిరావు సామి నోటి మాటే ఈ కోటకు బ్రోచరు. అందులో ఫిరంగి ఉండాది. ఈడ లేదు. అంటే ఏమి? బిల్డరు అప్పజెప్పకుండా పారిపోయినాడు! ఒలందావాండ్లను నేను ఈ బురుజు మీద నుంచి ఖండిస్తాండా!”

చప్పట్లు మారుమోగాయి. బిల్డరు పారిపోయాడంటే మనవారికి అనుభవం మీద అర్థమవుతుంది. లోపాల జాబితాలో ఒకటో నంబరు: ఇరవై రెండు బారల ఫిరంగి, అప్పగించలేదు.

“లేని ఫిరంగిని ఎట్టా అప్పగిస్తారయ్యా?” అంది జయమ్మ. ఆవిడ నివాసి కాదు గనుక ఆ మాట మినిట్సులో ఎక్కలేదు.

చలపతిరావుగారికి కళ్ళు చెమ్మగిల్లాయి. జీవితంలో మొదటిసారిగా ఆయనకు నిజం చెప్పాలనిపించింది. ఉప్పుగాలి మహిమ కావచ్చు. “అయ్యా, నేనసలీ కోటకి రావడం ఇదే మొద—”

“గమ్మునుండు సామీ,” అన్నారు ఓబులేసుగారు, చెయ్యి గట్టిగా నొక్కి. “నీ గొప్ప నువ్వే చెప్పుకోగూడదు.”

ఫిరంగి ఉన్నట్టు తేలింది గాని చూపించలేదు గనుక, అధ్యక్ష పదవి ఓబులేసుగారి దగ్గరే ఉంచి, చలపతిరావుగారిని చరిత్ర కమిటీ చైర్మన్‌గా ఎన్నుకున్నారు. సముద్రానికి కేటాయించిన అయిదు నిమిషాలూ ఈ ఎన్నికకే సరిపోయాయి. బస్సు తిరిగేటప్పుడు ఎడమ కిటికీల వారికి మాత్రం అది కాస్త కనిపించింది. బ్రోచరులో అంత నీలంగా లేదని వారు పెదవి విరిచారు.

నెల తిరక్కుండా సాగరదుర్గ్ గేటు దగ్గర ఫైబర్‌తో చేసిన నల్లని ఫిరంగి వెలిసింది. పక్కన ఇత్తడి పలక. చరిత్ర కమిటీ చైర్మన్‌గారు చెప్పగా ముగ్గురు సభ్యులు రాసి, సర్వసభ్య సమావేశం ఆమోదించిన నాలుగు పేజీల చరిత్ర నోటీసు బోర్డులో అద్దం వెనక చేరింది. ఆ రోజు సాయంత్రం చలపతిరావుగారు విజయోత్సాహంతో బండ మీద కూర్చుని మొదలుపెట్టారు.

“గంగాభవాని గొట్టం పొడవు ముప్ఫై బారలండి—”

“ఇరవై రెండండి,” అన్నారు పక్కాయన. “మినిట్సులో ఉంది.”

“సరే. ఆ పెళ్ళివారి మూడో పంక్తి లేస్తుండగా—”

“రెండు పంక్తులే రికార్డయ్యాయి అంకుల్,” అన్నాడు అటుగా పోతున్న రవికిరణ్. “మార్చాలంటే సవరణ పెట్టాలి. పదిహేను రోజుల నోటీసు.”

చలపతిరావుగారు నోరు మూసుకున్నారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. తెలిసిన చరిత్రే గదా అని ఒక్కొక్కరే లేచిపోయారు. పందెం ఓడితే ఏమవుతుందని ఆయన బెంగపడ్డారో, గెలిచాక సరిగ్గా అదే అయింది. “గొంతు పోయిందా?” అని అడిగారు బాలాత్రిపురసుందరి. ఆయన తల ఊపారు.

అయిదో రోజు సాయంత్రం, ఇక పోయేదేముందని, ఉన్న ఇద్దరి ముందూ ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశారు. “ఆ కోటలో ఫిరంగి లేదండీ. ఎప్పుడూ లేదు. మా ముత్తాత అందులో ఉప్పు బస్తాలు మోశాడో లేదో కూడా నాకు తెలీదు. నేనా కోట ముఖం చూడడం మీతోనే మొదటిసారి.”

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. మర్నాడు ఆరుగురు వచ్చారు. వారం తిరిగేసరికి బండ చుట్టూ కుర్చీలు వేయాల్సి వచ్చింది. జయమ్మ నీళ్ళ డ్రమ్ము చుట్టూ రెండుసార్లు తిరిగానని ఆయన చెప్పినప్పుడు ఓబులేసుగారు కళ్ళు తుడుచుకుంటూ, “డ్రమ్మంట! ఉప్పు కొట్టంట! ఏం కత అల్లినావ్ సామీ, ఇంత గొప్ప కత నువ్వు ఎప్పుడూ చెప్పలా!” అని వీపు చరిచారు.

అందరూ లేచిపోయాక, పచ్చికలో ఆకులు ఊడుస్తున్న సీతాబాయి చీపురు ఆపింది. ఆవిడది నానక్‌రామ్‌గూడ పాత ఊరు.

“నువ్వు నిజమే చెప్తున్నవ్ గద సారూ.”

“నీకెలా తెలిసిందమ్మా?”

“గీ బండ మా కల్లం కాడిది. మా తాత దీని మీదనే జొన్నలు కొట్టిండు. ఈడ సముద్రం లేకుండె, గుట్టలుండె, శేన్లుండె అని నేను జెప్తె గుడ ఈ సార్లు గిట్లనే నవ్విండ్రు.”

చెప్పి, ఊడ్చుకుంటూ పోయింది. ఆరయింది. సర్వీసు రోడ్డు మీద షేర్ ఆటోల హోరు మొదలైంది. సీ ఫేసింగ్ వారు బాల్కనీల్లోకి కుర్చీలు తెచ్చుకుని, కళ్ళు మూసుకున్నారు.

ఇంతదాకా చదివి మీరూ నవ్వుకునే ఉంటారు, సంతోషం. నవ్వడం అయ్యాక బీరువా పై అరలో పాత బ్యాంకు కాగితాల కింద ఉంటుంది, మీ బ్రోచరు ఒకసారి తీసి చూడండి. మీది ఏ అడవిలో ఉంది, ఏ సరస్సు ఒడ్డున ఉంది?